పొడి లేని ఇల్లు

జనవరి 9, గురువారం

నరసరావుపేట వెళ్లి వచ్చాం. డాక్టరమ్మ పేరు జాహ్నవి. చిన్న వయసు. మా ఆవిడ బుల్లెమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, లోపలి గొట్టాలు బిగుసుకున్నాయి అన్నది. పీల్చే మందు ఇచ్చి, నోట్లో పెట్టుకుని ఎట్లా లాగాలో తనే చేసి చూపించింది.

మిరపకాయల పనా అని అడిగింది. తల ఊపాను. ఎన్నాళ్లుగా అని అడిగింది. బుల్లెమ్మ వంక చూశాను.

"పుట్టినకాణ్ణించీనమ్మా. మా అమ్మ నన్ను మిరప కల్లంలోనే కన్నది. మొదటి ఏడుపు నాది గాదంట, నా చుట్టూ ఉన్నోళ్లదంట, ఘాటుకి" అన్నది. డాక్టరమ్మ నవ్వింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు, అయినా నవ్వించింది.

బయట బెంచీ ఖాళీ లేదు. ఒక కుర్రాడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "అబ్బాయ్, నువ్వు నిలబడితే పొడుగు పెరుగుతావు. నేను నిలబడితే పడతా. లెగు" అన్నది. లేచాడు. నేనైతే సాయంత్రం దాకా నిలబడే ఉండేవాణ్ణి.

లేచి వచ్చేటప్పుడు డాక్టరమ్మ రాసుకుంటూనే నాతో చెప్పింది. "పెద్దాయనా, ఇంట్లో పొడి లేకుండా చూసుకోండి. మందు ఎంత వాడినా, పొడి ఉంటే లాభం లేదు." సరేనన్నాను. వెనక చాలామంది ఉన్నారు.

ఈ డైరీ పురుగుమందుల కొట్టులో కొత్త సంవత్సరానికి ఇచ్చారు. నాకు రాసే అలవాటు లేదు. మాట్లాడే అలవాటు అంతకన్నా లేదు. ఆమె కోలుకునేదాకా రాద్దామనుకుంటున్నాను.

జనవరి 10, శుక్రవారం

డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా అర్థమైంది. కల్లంలో ఎండ ముదిరితే కాయ ఫెళఫెళమంటుంది, ఘాటు లేస్తుంది, అందరికీ తుమ్ములు. మంచు పడి మెత్తబడితే లేవదు. సంచుల్లో తొక్కే ముందు నీళ్లు చిలకరించేది అందుకే గదా. ఇంట్లో గాలి కూడా అంతే. పొడిగా ఉండకూడదు. తడిగా ఉండాలి.

గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టాను. అటక మీది కూలర్ దించి తొట్టి నిండా నీళ్లు పోశాను. తడి బయటికి పోకుండా తలుపులు వేశాను. మాది నాపరాళ్ల ఇల్లు. ఒకసారి చెమ్మ పట్టుకుంటే తొందరగా వదలదు. ఆ లెక్కన మంచిదే.

"చలికాలంలో కూలరేందయ్యా? మతి గాని పోయిందా?" అన్నది బుల్లెమ్మ.

"డాక్టరమ్మ చెప్పింది."

ఆమె నా మొహం వంక చూసింది. "నువ్వు నోరు తెరిచి చెప్పావంటే నిజమే అయ్యుంటది" అని దుప్పటి కప్పుకుని పడుకున్నది. ఊళ్లో ఎవరి మాటా వినని మనిషి.

జనవరి 12, ఆదివారం

కాస్త నయం.

జనవరి 16, గురువారం

పండగ అయిపోయింది. కల్లం మొదలైంది.

పొద్దున్నే విపరీతంగా మంచు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కూడా కనపడలేదు. ఇట్లాంటి పొద్దున ఆ తెల్లదుమ్ము పైకి పోదు. మంచులో కలిసి ఊరి మీదే కూర్చుంటుంది. అరటాకు మీద వేలితో గీస్తే గీత పడుతుంది.

వద్దంటే బుల్లెమ్మ వింటుందా. ముక్కుకు చీర కొంగు కట్టుకుని వచ్చింది. ఆడవాళ్లంతా రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. ఆమె మధ్యలో పీట వేసుకుని కూర్చుంటే అందరి చేతులూ తిన్నగా పనిచేస్తాయి. ఎవరినీ కసరదు. నవ్విస్తుంది, అంతే. నవ్వేవాళ్ల చేతులు ఆగవని ఆమె లెక్క.

ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపుతుంది. గింజ గలగలమంటే ఎండిన కాయ. మోగకపోతే నెమ్ము కాయ. ఒక్క నెమ్ము కాయ టిక్కీ సంచిలోకి పోయినా లోపల బూజు పట్టి చుట్టూ ఉన్న మంచికాయను కూడా చెడగొడుతుంది. నేనూ ఊపి చూశాను. నాకు అన్నీ ఒకటే చప్పుడు. పెళ్లయినప్పటి నుంచీ ఊపుతున్నాను.

పక్క పొలంలో సుధాకర్ పత్తికట్టె కాల్చడానికి కుప్ప వేశాడు. అగ్గిపుల్ల గీయబోతుంటే ఇక్కడి నుంచే అరిచింది.

"ఒరేయ్ సుధాకరా! ఈ మంచులో పొగ యాడికి పోద్దిరా? పండక్కొచ్చిన అల్లుడల్లే ఈడ్నే కూర్చుంటది. లెగమన్నా లెగదు."

"ఎప్పుడు కాల్చమంటావ్ పెద్దమ్మా?"

"అసలు కాల్చకపోతే ఏం? ట్రాక్టర్తో నలగ్గొట్టి దున్ను. అంత ముద్దొస్తే ఎండెక్కినాక, గాలి తోలినాక చూడు."

వాడు అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. నా మాటకైతే పెట్టుకోడు. నేను అననే అనను.

అంత గట్టిగా అరిచినందుకు చాలాసేపు దగ్గింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆగి ఆగి నడిచింది. ఆగినప్పుడల్లా ఎవరి గోడనో పరీక్షగా చూస్తున్నట్టు నిలబడింది. నేనూ ఆమె పక్కన నిలబడి ఆ గోడలన్నీ చూశాను.

జనవరి 20, సోమవారం

కాస్త నయం. కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే పిల్లికూతలు. కూర్చుంటే తక్కువ. గోనెలు రోజుకు మూడుసార్లు తడుపుతున్నాను.

జనవరి 24, శుక్రవారం

మంచం వెనక గోడ మీద నల్లటి మచ్చలు. బీరువా వెనక ఇంకా ఉన్నాయి. ఫ్యాక్టరీ దుమ్ము ఇంత లోపలికి వచ్చిందా అనుకున్నాను. పొడి గుడ్డతో బరబరా తుడిచాను. గదంతా ఒక వాసన లేచింది. పాత మడత చీరల వాసన. బుల్లెమ్మకు దగ్గు ఆగలేదు.

దుమ్ము ఇంకా లోపలికి రాకుండా కిటికీలకు రెండో వరస గోనెలు కట్టాను.

పీల్చే మందు త్వరగా అయిపోతోంది. బహుశా సీసాలో తక్కువ పోసి ఉంటారు.

జనవరి 27, సోమవారం

శావల్యాపురం నుంచి మా బావమరిది మల్లికార్జునరావు వచ్చాడు. బుల్లెమ్మకు తమ్ముడు. సర్పంచిగా చేసినవాడు. ఎక్కడికి వెళ్లినా వెంట నలుగురు ఉంటారు. ఇవాళ ఇద్దరే వచ్చారు.

అరుగు మీదే కూర్చోబెట్టాను. లోపల తడి.

"అక్కా, మొహం ఏందే అట్టా పీక్కుపోయింది? మా ఇంటికి పద. కొత్తిల్లు. గోడలకి రంగు గూడా ఆరలా ఇంకా."

"ఆరని గోడల కాడికి నన్నెందుకురా? వాటికి కాపలానా?"

"నవ్వులాట గాదు. ఈ ఊరి గాలి నిన్ను తినేస్తంది. ఆ ఫ్యాక్టరీ దుమ్ము, ఈ మిరప ఘాటు. బావా, నువ్వన్నా చెప్పు."

అందరూ నా వంక చూశారు. నేను చెంబు తీసుకుని మంచినీళ్లకు లోపలికి వెళ్లాను.

"ఆయన్ని అడిగితే వచ్చే ఏడాది చెబుతాడులే" అంటోంది బుల్లెమ్మ. "కాయ కల్లంలో ఉండగా నేను కదలను. ఎండకాలం వస్తా. మామిడికాయలు దాచు."

"ఈసారి ఎక్కువైందని తెలిసిందా, నిన్ను మోసుకుని పోతా."

"మోయి. నీకు నడుం నొప్పి గదరా."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. వాడూ నవ్వాడు. కారు ఎక్కేముందు మాత్రం నా భుజం పట్టుకుని, "బావా, మా అక్క జాగర్త" అన్నాడు. 

జాగ్రత్తగానే ఉన్నాను. రోజుకు ఎన్ని బిందెలు మోస్తున్నానో వాడికి తెలియదు.

ఫిబ్రవరి 1, శనివారం

ఇవాళ జరిగింది అంతా రాయాలి.

పొద్దున పొయ్యి దగ్గర గంజి వారుస్తూ కూలబడిపోయింది. వంటిల్లంతా ఆవిరి. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరుస్తోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. పరిగెత్తాను. మా ఊరి క్లినిక్‌లో నర్సు ఫర్జానా అప్పుడే స్కూటీ దిగుతోంది.  ఇంటి వైపు చెయ్యి చూపించాను. వెంటనే మిషన్ పట్టుకుని నా కంటే ముందు పరిగెత్తింది.

మొహానికి మాస్కు పెట్టి మందు పొగ పీల్పించింది. కాసేపటికి పెదాల రంగు తిరిగింది. అంబులెన్సు కావాలేమోనని వేలికి క్లిప్పు పెట్టి చూసి, అక్కర్లేదు, గండం దాటింది అన్నది. డాక్టర్ జాహ్నవికి ఫోన్ చేసి అన్నీ చెప్పింది. అప్పుడు లేచి నిలబడి ఇల్లంతా చూసింది. ముక్కు ఎగబీల్చింది. గోడ మీద అరచెయ్యి పెట్టి తీసి, చెయ్యి చూసుకున్నది.

"బాబాయ్, ఈ గోతాలేంది?"

"పొడి లేకుండా."

"ఏందీ?"

"డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో పొడి ఉండకూడదని."

నా వంక కాసేపు చూసింది. నవ్వలేదు. ఆ పిల్లను జీవితంలో మర్చిపోను, ఆ ఒక్క క్షణం నవ్వనందుకు.

"పొడి అంటే దుమ్ము బాబాయ్. కారప్పొడి, సిమెంటు పొడి. అది ఉండగూడదని చెప్పిందా అమ్మ."

"తడి ఉండాలని గాదా?"

"గాదు."

ఫోన్ లైటు వేసి బీరువా వెనకకు చూపించింది. తుడిచిన చోటే మళ్లీ వచ్చింది. నలుపు, మధ్య మధ్య పచ్చ. "ఇది బయట నుంచొచ్చిన దుమ్ము గాదు. బూజు. తడికి గోడలో పుట్టింది. పొడిగుడ్డతో రుద్దితే దీని ఇత్తనాలు గాల్లోకి లేస్తయ్, కంటికి కనపడవు. పిన్నమ్మ పీల్చేది అవ్వే. పొయ్యి పొగ, గంజి ఆవిరి, బయట నుంచొచ్చిన సన్న దుమ్ము, అన్నీ ఈ మూసిన ఇంట్లోనే ఉన్నయ్ బాబాయ్. పోయే దారి లేదు."

"మరి పొడిగా ఉంటే ఘాటు లేస్తది గదమ్మా."

"లేస్తది. మరీ ఎండితే దుమ్ము లేస్తది, గొంతు గీరుకుపోద్ది. మరీ తడైతే బూజు. మధ్యన ఉండాలి. నీకు తెలవందేముంది బాబాయ్, నెమ్ము కాయని టిక్కీలో తొక్కుతావా నువ్వు?"

తొక్కను. ఏ కల్లంలోనూ తొక్కను. మా ఇంటిని టిక్కీ కుట్టినట్టు కుట్టి, తడి పోసి, మనిషిని లోపల పెట్టాను.

అప్పుడే కారు వచ్చి ఆగింది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. మల్లికార్జునరావు చెప్పులతోనే లోపలికి వచ్చి, జారి, గోడ పట్టుకున్నాడు.

"ఇదేంది, ఇల్లా నారుమడా? ఎవురు కట్టమన్నారు ఈ తడిగోతాలు? ఎవురికి పుట్టిన బుద్ధి ఇది?"

నేను నోరు తెరిచాను. తెరిచి ఉంచాను.

మంచం మీద బుల్లెమ్మ మాస్కు పైకెత్తింది. ఫర్జానా చెప్పింది మొత్తం విన్నది ఆమె. నాకు తెలుసు.

"నేనే కట్టమన్నా" అన్నది.

"నువ్వా?"

"ఉక్కగా ఉంటేను."

"చలికాలంలో ఉక్కేందే!"

"నా ఇల్లు. నా ఉక్క. నీకేందిరా?" అని మాస్కు కిందికి దించుకున్నది.

ఫర్జానా నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. నాపరాళ్లు చెమట పట్టి ఉన్నాయి.

ఆ ఊపిరితో ఆ మాట. మిగిలిన కాస్త గాలి నా కోసం ఖర్చు పెట్టింది.

ఫిబ్రవరి 3, సోమవారం

బుల్లెమ్మను శావల్యాపురం తీసుకుపోయారు. ఇల్లు ఆరేదాకా అక్కడ ఉండటమే మంచిదని ఫర్జానా కూడా అన్నది. నేనూ తల ఊపాను. నిజంగానే ఊపాను.

"ఇంత బుర్రతక్కువ పని చేసినదాన్ని మళ్లీ పంపిస్తానా?" అన్నాడు మల్లికార్జునరావు. "కల్లం లేదు, ఏం లేదు. ఇంక మా ఇంట్లోనే."

బుల్లెమ్మ చెప్పులు వేసుకున్నది. బుర్రతక్కువది అనిపించుకుని కారు ఎక్కింది. మండలం మొత్తం మీద ఆమెను ఆ మాట అన్నవాడు లేడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

కూలర్ బయట పెట్టాను.

ఫిబ్రవరి 6, గురువారం

ఫర్జానా వచ్చి ఎట్లా తుడవాలో చెప్పింది. ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బునీళ్ల గుడ్డతో మెల్లగా, లేవకుండా. తర్వాత ఆరనివ్వాలి. పెచ్చులూడిన చోట పాత గిలాబు పూత చెక్కించి కొత్తగా వేయించాలి. బూజు పట్టిన పరుపు పారేయాలి. తనే పరుపు ఒక కొస పట్టింది. ఆడపిల్ల పట్టిందని నేను సిగ్గుపడితే, "నేను రోజూ పట్టి లేపే మనుషులే ఇంతకన్నా బరువు బాబాయ్" అన్నది.

ఒక చిన్న డబ్బా ఇచ్చి వెళ్లింది. అరచేతిలో పడుతుంది. గాలిలో తేమ ఎంత ఉందో అంకె చూపిస్తుంది. మా ఇంట్లో ఎనభై రెండు చూపించింది. వందలో సగానికి అటూ ఇటూగా రావాలట.

ఇంత చిన్న డబ్బాకు గాలి అర్థమవుతోంది.

ఫిబ్రవరి 8, శనివారం

గాలి ఆడితే ఆరుతుంది గదా అని తెల్లవారుజామునే తలుపులన్నీ బార్లా తీశాను. మంచు లోపలికి వచ్చింది. దానితో పాటు తెల్లదుమ్మూ వచ్చింది. బీరువా మీద వేలితో గీత గీయొచ్చు. డబ్బాలో అంకె దిగకపోగా పెరిగింది.

అరుగు మీద కూర్చుని ఆలోచించాను. కల్లంలో ఏం చేస్తాం? మంచు విడిచేదాకా కాయ మీద పట్టా తీయం. పొద్దు వాలకముందే మళ్లీ కప్పుతాం. ఇంటికి కూడా పట్టాలు ఉన్నాయి. తలుపులే పట్టాలు.

ఫర్జానాకు చెబితే, "శభాష్ బాబాయ్, నేను చెప్పబోయేది అదే" అన్నది. చెప్పబోయేది కాదేమో. పెద్దవాణ్ణి సంతోషపెట్టడానికి అన్నదేమో. అయినా సంతోషం వేసింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇప్పుడు ఇట్లా చేస్తున్నాను. మంచు విడిచి ఎండ బాగా కాశాక పెరటి వైపు తలుపులు తీస్తాను. కల్లం వైపు కిటికీ తీయను, ఆ వేళకు అక్కడ ఘాటు లేస్తుంది. పొద్దు వాలకముందు మూస్తాను. వంటింటి గోడకు పైన కన్నం కొట్టించి ఫ్యాన్ పెట్టించాను, గంజి ఆవిరి అటే పోతుంది. ఊడ్చేటప్పుడు నేల మీద కాస్త తడిగుడ్డ. అంతే తడి.

అంకె అరవై ఎనిమిది.

ఫిబ్రవరి 13, గురువారం

బుల్లెమ్మ ఫోన్ చేసింది. వాళ్ల తమ్ముడు నరసరావుపేట తీసుకెళ్లాడట. జాహ్నవి డాక్టరమ్మ విని, చానా తగ్గింది అన్నదట. ఆ పీల్చే మందు వదలకుండా వాడాలట.

"తిన్నావా?" అన్నాను.

"తిన్నా. నువ్వో?"

"తిన్నా."

మా ఇద్దరికీ అక్కడితో అయిపోతుంది మామూలుగా. ఇవాళ ఆమె పెట్టేయలేదు.

"ఈడ గాలి బాగుందయ్యా. గేటు దాటనివ్వరు. మా మరదలు నా చెప్పులు దాచిపెట్టింది. మళ్లీ పోయి గోతాలు కట్టుకుంటానంట. ఊపిరి తిన్నగా వస్తంది గానీ, వచ్చిన ఊపిరిని ఏం చేసుకోను? డబ్బాలో పోసి దాచనా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కాయ ఎట్టా ఉంది?" అన్నది.

"ఎండింది."

"నీకేం తెలుసు? మధ్యలో నుంచి ఒకటి తీసి ఊపు. ఫోను దగ్గర పెట్టి ఊపు."

కల్లంలోనే ఉన్నాను. తీసి ఊపాను. చుట్టూ ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఇంకోసారి ఊపమన్నది. ఊపాను.

"ఇంకో పూట ఎండనీ" అన్నది.

ఎండనిచ్చాను. సాయంత్రం కొనేవాడు వచ్చి మొదటి కోత కాయ విరిచి చూసి, ఒక్క మాట అనకుండా తూకం పెట్టమన్నాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న ఫర్జానా కల్లంలో కూర్చుని బుల్లెమ్మతో ఫోన్ మాట్లాడింది. నేను పక్కన నిలబడి విన్నాను. వాళ్లిద్దరి మాటలు వింటుంటే కడుపు నిండినట్టుంది.

"మంచులో రావద్దు పిన్నమ్మా. ఫ్యాక్టరీ దుమ్మంతా అప్పుడు కిందనే ఉంటది."

"మిట్టమధ్యాహ్నం పనిజేస్తే కాయ ఫెళ్లుమని ఘాటు లేస్తది గదే."

"అప్పుడూ వద్దు."

"ఇంకెప్పుడే? కల్లోనా?"

"మంచు విడిచినాక కాయ ఎంతసేపు మెత్తగా ఉంటది?"

"మంచు విడుస్తానే గట్టిపడదు. రాత్రి తాగిన మంచు కాయలో కొంచేపు ఉంటది. ఎండ ఈపుకి చురుక్కుమనేదాకా."

"అదే పిన్నమ్మా నీ టైము. బయట దుమ్ము లేచిపోయుంటది, కాయలో ఘాటు ఇంకా లేవదు. మంచి మాస్కు నేనిస్తా, చీర కొంగు గాదు. డాక్టరమ్మని అడుగుతా, ఒప్పుకుంటేనే."

సాయంత్రం ఫర్జానా చెప్పింది. డాక్టరమ్మ ఒప్పుకున్నది. ఆ వేళ తప్ప ఇంకో వేళ కల్లంలో కనపడితే ఊరుకోనన్నదట.

ఆ వేళకే అందరినీ రమ్మన్నాను. ఇవాళ ఎవరూ తుమ్మలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

అంకె యాభై ఐదు. గోడ మీద చెయ్యి పెడితే పొడిగా ఉంది. ఇది మంచి పొడి.

మల్లికార్జునరావుకు ఫర్జానా చేత ఫోన్ చేయించాను. పంపనన్నాడు. "ఇల్లు బాగయ్యిందమ్మా, మా అక్క బుర్ర బాగయ్యిందా? మళ్లీ ఉక్కంటది, మళ్లీ గోతాలు కట్టుద్ది. ఈసారి మాకు మనిషి దక్కదు. ఆమె నమ్మకం మీద నేను పంపను" అన్నాడట.

ఫోన్ పెట్టేసి ఫర్జానా నాతో ఏమీ అనలేదు. స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. అనవలసింది నేనని ఆ పిల్లకు తెలుసు.

రేపు పోతాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కల్లంలో పని ఎక్కువగా ఉంది. రేపు పోతాను.

ఫిబ్రవరి 22, శనివారం

అక్కడ ఎప్పుడూ పదిమంది ఉంటారు. రేపు ఆదివారం. ఇంకా ఎక్కువ మంది ఉంటారు.

రేపు పోతాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వెళ్లాను.

వసారా నిండా మనుషులు. కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఏదో పంచాయితీ తెగినట్టుంది, టీలు తాగుతున్నారు.

"రా బావా, రా. ఒరేయ్, కుర్చీ ఎయ్యండ్రా" అన్నాడు మల్లికార్జునరావు.

"కూర్చోను."

"ఏందట్టా ఉన్నావ్? ఏమైంది?"

"గోతాలు కట్టింది నేను."

టీ గ్లాసుల చప్పుడు ఆగింది.

"మీ అక్క కట్టమనలా. ఆమె వద్దన్నది. డాక్టరమ్మ ఇంట్లో పొడి వద్దన్నది. నేను తడి కావాలనుకున్నా. కూలర్ పెట్టింది నేను. తలుపులు మూసింది నేను."

మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. "పొడి వద్దంటే ఇల్లు ఊడుస్తారు గానీ, ఇల్లు తడుపుతారా పెద్దాయనా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. మల్లికార్జునరావు నవ్వలేదు. నేను నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. వెళ్లిపోదామనిపించింది. ఆగాక మిగతాది చెప్పాను.

మంచు వేళ తలుపులు ఎందుకు తీయకూడదో చెప్పాను. ఎండ వేళ ఏ వైపు తీయాలో చెప్పాను. పొగ, దుమ్ము మంచుతో ఎట్లా కిందనే ఉంటాయో, మూసిన ఇంట్లో బూజు ఎట్లా పుడుతుందో, ఏ వేళకు ఆమె కల్లంలో కూర్చోవాలో, డాక్టరమ్మ దేనికి ఒప్పుకున్నదో, దేనికి ఒప్పుకోలేదో అన్నీ చెప్పాను. డబ్బా జేబులో ఉంది, తీసి చూపించాను. వాళ్ల వసారాలో అంకె డెబ్భై చూపించింది. "మీ గోడలింకా ఆరలా" అన్నాను. అది ఎందుకన్నానో తెలియదు. నోరు తెరిచాక ఆగలేదు.

"మరి అక్కే గదా బావా, నేనే కట్టమన్నా అన్నది?"

"నా కోసం అన్నది. నేను నలుగురిలో మాట పడలేనని. ఆ పూట ఆమెకు ఊపిరి లేదు. అయినా అన్నది. అట్టాంటి మనిషిని బుర్రతక్కువది అనబాక. పంపించు. నేను చూసుకుంటా. ఈసారి తెలవకపోతే అడుగుతా. పదిమందిలోనైనా అడుగుతా."

మల్లికార్జునరావు నా వంక చూస్తూ ఉండిపోయాడు.

"బావా" అన్నాడు చివరికి, "నీకు మాటలొచ్చని తెలవకుండానే మా నాయన పోయాడయ్యా."

ఈసారి నవ్వినప్పుడు నాకూ నవ్వొచ్చింది.

తలుపు దగ్గర తెర కదిలింది. బుల్లెమ్మ బయటికి వచ్చింది. చేతిలో సంచి. కాళ్లకు చెప్పులు. ఎక్కడ వెతికి తీసిందో.

"అయిపోయిందా?" అన్నది నాతో.

"అయిపోయింది."

"ఇంకేమన్నా ఉంటే చెప్పేయ్. మళ్లీ ఎప్పటికో."

కారులో దిగబెడతానన్నాడు తమ్ముడు. వద్దన్నది. నాలుగడుగులు నడవాలని ఉందన్నది. బస్టాండు దాకా నడిచాం. ఎక్కడా ఆగలేదు. నేనే వెనకబడ్డాను.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే సంచిలో చెయ్యి పెట్టి నీళ్లసీసా తీసింది. మూత తిప్పి నా చేతికి ఇచ్చింది.

"తాగు. అన్ని మాటలాడితివి, గొంతు ఏమైందో ఏమో" అన్నది.

తాగాను.